నిన్నటి పొలెంటా, ఇవాళ ఓవెన్‌లోకి

పొలెంటా అంటే మొక్కజొన్న రవ్వతో చేసే సంకటి. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, చేసేవాళ్లు కూడా చెప్పుకోరు. ఉత్తర ఇటలీలో లొంబార్దియా, వెనెతో, ఫ్రియూలీ, పియెమోంతే ప్రాంతాల పల్లె జనం తరాల తరబడి దీంతోనే కడుపు నింపుకున్నారు. దక్షిణ ఇటలీవాళ్లు ఇప్పటికీ వాళ్లను 'పొలెంతోనీ' అని ఎగతాళి చేస్తారు. పొలెంటా తినేవాళ్లని దాని అర్థం.

ఉద్యోగరీత్యా నేను బెర్గామోలో రెండు చలికాలాలు ఉన్నాను. మిలాన్‌కు ఈశాన్యంగా, ఆల్ప్స్ కొండలు మొదలయ్యే చోట ఉంటుందా ఊరు. మా ఇంటి ఓనరమ్మ ఆదివారం మధ్యాహ్నం పొలెంటా వండి, కొయ్య పలక మీద గుమ్మరించి, దారంతో కోసి పెట్టేవారు. మొదటిసారి తిన్నప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. నంజుకోవడానికి ఏమీ లేని సంకటిలా అనిపించింది. సోమవారం సాయంత్రం పిలిచి పెట్టింది మాత్రం నాలుక మీద ఇంకా ఉంది. ఆదివారం మిగిలిన పొలెంటానే ముక్కలు కోసి, మధ్యలో పుట్టగొడుగుల కూర, పాల సాసు, చీజ్ పరిచి ఓవెన్‌లో పెట్టారు. పైన ఎర్రగా కాలింది, అంచుల్లో బుడబుడమంటోంది, లోపల వెన్నలా ఉంది. పేరు 'పొలెంటా పాస్తిచ్చాతా'. పాస్తిచ్చాతా అంటే కలగాపులగం చేసినదని. చాలా ఇళ్లలో దీన్ని మాంసం సాసుతో చేస్తారు. నేను తిననని తెలిసి ఆవిడ పుట్టగొడుగులతో చేశారు.

హైదరాబాద్ వచ్చాక నేను చేసిన మొదటి రెండుసార్లూ చెడిపోయింది. ఒక్క పూటలో అయిపోవాలన్న తొందరే కారణం. వేడి వేడి పొలెంటాను ట్రేలో పరిచి, దాని మీదే సాసు పోసి ఓవెన్‌లో పెట్టాను. బయటికి వచ్చింది పొరలు కాదు, జావ. ఆవిడ సోమవారం చేసింది సోమవారం కాబట్టే బాగుందని అప్పుడు అర్థమైంది. ఇది రెండు రోజుల వంట. మొదటి రోజు ఉడికించి చల్లార్చాలి, రెండో రోజు పేర్చి కాల్చాలి. రెండు రోజులూ కలిపి మీరు పొయ్యి దగ్గర ఉండేది గంటన్నరకు కాస్త అటూఇటూగా. మిగతాది ఫ్రిజ్, ఓవెన్ చూసుకుంటాయి.

రవ్వ దగ్గరే సగం పొరపాట్లు

షాపుకెళ్లి కార్న్ ఫ్లోర్ అడగకండి. మన దగ్గర ఆ పేరుతో ఇచ్చేది తెల్లటి మెత్తటి పొడి, మంచూరియాకీ సూపుకీ వేసేది. అది మొక్కజొన్నలోంచి తీసిన గంజి పదార్థం మాత్రమే. మా తమ్ముడు దాంతో ప్రయత్నించాడు. గిన్నెలో తయారైంది పోస్టర్లు అంటించడానికి పనికొచ్చేది. రొట్టెలకు వాడే మక్కీ ఆటా కూడా వద్దు. అది మరీ మెత్తన, ఉడికితే పేస్టులా అయిపోతుంది తప్ప పలుకు ఉండదు.

మీకు కావలసింది పసుపురంగు మొక్కజొన్న రవ్వ. ఉప్మా రవ్వంత పలుకు ఉండాలి, ఇంకాస్త ముతకగా ఉన్నా మంచిదే. ఇటలీలో ఈ ముతక రవ్వను 'బ్రమాతా' అంటారు. మెత్తగా ఉండేది 'ఫియొరెత్తో'. ఓవెన్ వంటకు బ్రమాతానే సరి, ఎందుకంటే చల్లారాక ముక్క గట్టిగా నిలబడుతుంది, నోట్లో పలుకు తగులుతుంది. విదేశీ సరుకులు అమ్మే షాపుల్లో పొలెంటా ప్యాకెట్లు దొరుకుతాయి గానీ ఖరీదు ఎక్కువ. పైగా వాటిలో చాలావరకు ముందే ఉడికించి ఆరబెట్టినవి, ఐదు నిమిషాల్లో అయిపోయే రకం. అవి తప్పేమీ కాదు, రుచి మాత్రం కాస్త చప్పన. తెలంగాణలో మక్క గటక, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి, వండుకునే ఇళ్లకు ఈ కష్టమే లేదు. గటకకు పట్టించిన మక్క రవ్వ అచ్చంగా దీనికి సరిపోతుంది. ఒకసారి జల్లెడ పట్టి, మెత్తటి పిండిని వేరుగా తీసి రొట్టెలకు పెట్టుకోండి.

గిర్నీలో పట్టించిన రవ్వలో గింజ మొలక భాగం కూడా ఉంటుంది. అందులో నూనె ఉంటుంది కాబట్టి రుచి ఎక్కువ, కానీ తొందరగా ముక్కిపోయిన వాసన వస్తుంది. కొద్దిగా తీసుకుని వాసన చూడండి, పచ్చి కంకి వాసనలా తియ్యగా ఉండాలి. పాత నూనె డబ్బా వాసన వస్తే వాడకండి. ఎంత చీజ్ పోసినా అది పోదు. మిగిలిన రవ్వ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నయం.

ఏమేం కావాలి

నలుగురైదుగురికి సరిపడా చెబుతున్నాను. కాల్చే పాత్ర 20 సెంటీమీటర్ల వెడల్పు, 25 పొడవు, 5 లోతు ఉంటే సరిగ్గా సరిపోతుంది. మామూలు ఓటీజీలో, అంటే ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, పట్టే సైజే.

పొలెంటాకు: రవ్వ 250 గ్రాములు, నీళ్లు లీటరు, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు, వెన్న 20 గ్రాములు.

పుట్టగొడుగుల సాసుకు: బటన్ మష్రూమ్స్ 400 గ్రాములు (రెండు డబ్బాలు), టమాటాలు అరకిలో, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఆలివ్ నూనె మూడు టేబుల్ స్పూన్లు, మిరియాల పొడి, ఉప్పు, దొరికితే ఒక రెమ్మ రోజ్‌మేరీ.

పాల సాసుకు: వెన్న 30 గ్రాములు, మైదా 30 గ్రాములు, పాలు 400 మిల్లీలీటర్లు, జాజికాయ, ఉప్పు.

పైకీ మధ్యకీ: మొజరెల్లా 150 గ్రాములు, గట్టి రకం చీజ్ తురుము 40 గ్రాములు.

ఈ గట్టి చీజ్ గురించి ఒక మాట. వంటల వీడియోల్లో అందరూ పార్మిజానో తురుముతుంటారు. అసలు పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో రెండూ దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో పాలు విరిచి చేసేవి. నియమమే అది. శాకాహారులు వాటిని వాడకూడదు. ఈ సంగతి మా ఓనరమ్మకు నేను చెప్పేదాకా తెలియదు, నాకు ఒక చలికాలం తినేశాక తెలిసింది! మన దేశంలో మొక్కల నుంచో సూక్ష్మజీవుల నుంచో తీసిన రెన్నెట్‌తో చేసిన చీజ్‌లు బాగానే దొరుకుతాయి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోండి. ఏదీ దొరక్కపోతే మామూలు చెడ్డర్ తురుము వేయండి. ప్రాసెస్డ్ చీజ్ ముక్కలు మాత్రం పైపొరకు వాడొద్దు. అవి రబ్బరులా సాగి, చల్లారితే తోలులా అవుతాయి.

మొదటి రోజు: ఉడికించడం

అడుగు మందంగా ఉన్న లోతు గిన్నె తీసుకోండి. బెర్గామో వైపు పాత ఇళ్లలో దీనికి 'పాయోలో' అనే రాగి గిన్నె ఉంటుంది. ఇప్పుడు దానికే కరెంటు మోటారు తగిలించి, అదే తిప్పేలా అమ్ముతున్నారు. ఆవిడ వంటింట్లోనూ అదే ఉండేది. మోటారు తిరుగుతుంటే ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని పేపర్ చదివేవారు. మన దగ్గర ప్రెషర్ కుక్కర్ గిన్నె, లేదా మందపాటి స్టీలు గిన్నె చాలు.

లీటరు నీళ్లు మరగనిచ్చి ఉప్పు వేయండి. కుడిచేత్తో కవ్వం తిప్పుతూ ఎడమచేత్తో రవ్వను పైనుంచి సన్నగా జార్చండి. ఇటాలియన్‌లో దీన్ని 'ఆ పియొజ్జా' అంటారు, వాన పడ్డట్టు అని. ఉప్మాకు రవ్వ పోయడం చేతనైనవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండ పైన ఉడికి, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. గంటసేపు ఉడికినా విడదు. ఉండలు కట్టాయా, వేడి మీదే కవ్వంతో గిన్నె గోడకేసి నొక్కి చిదమండి. 

రవ్వ అంతా పడ్డాక రెండు మూడు నిమిషాల్లో చిక్కబడుతుంది. మంట బాగా తగ్గించండి. ఇక్కడ జాగ్రత్త: చిక్కబడ్డ పొలెంటా బుడగలు కట్టి పగిలి చిందుతుంది, చిందింది చర్మానికి అంటుకుంటుంది. నూనె చిటపటలా జారిపోదు. పొడుగు పిడి ఉన్న చెక్క తెడ్డు వాడండి, మూత ఓరగా వేసి పెట్టండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక 40 నుంచి 45 నిమిషాలు. ఆగకుండా తిప్పుతూనే ఉండాలని కొందరు చెబుతారు, అంత అక్కర్లేదు. మంట సన్నగా ఉంటే నాలుగైదు నిమిషాలకోసారి అడుగు దాకా తెడ్డు పోనిచ్చి కలిపితే చాలు. మధ్యలో మరీ గట్టిపడి తెడ్డు తిరగకపోతే అరకప్పు వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోయొద్దు.

పది నిమిషాలకే చూడ్డానికి ఉడికినట్టే కనిపిస్తుంది. నమ్మకండి. రుచి చూస్తే పచ్చివాసన, చివర్లో చిరుచేదు తెలుస్తుంది. ముప్పై నిమిషాలు దాటాక ఆ చేదు పోయి, కాల్చిన కంకి తియ్యదనం మొదలవుతుంది. ఉడికిందని చెప్పే గుర్తు: కలుపుతున్నప్పుడు ముద్ద గిన్నె గోడలను వదిలేసి తెడ్డుతోపాటు కదులుతుంది, గిన్నె అడుగున పల్చటి పొర అంటుకుని ఉంటుంది. ఆ పొరను పారేయకండి. గిన్నె ఖాళీ అయ్యాక రెండు నిమిషాలు పొయ్యి మీదే ఉంచితే అప్పడంలా లేచి వస్తుంది. దానికోసం బెర్గామోలో పిల్లలు కొట్టుకుంటారు. 

అంత ఓపిక లేనివాళ్లకు కుక్కర్ దారి ఉంది. పైన చెప్పినట్టే రవ్వ పోసి, చిక్కబడేదాకా ఐదు నిమిషాలు కలిపి, ఆ గిన్నెనే మూతపెట్టి కుక్కర్‌లో నీళ్లు పోసి దింపండి. మొదటి విజిల్ వచ్చాక సన్నమంట మీద 15 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే పోనివ్వండి. తీశాక గట్టిగా ఒకసారి కలపండి. రవ్వను నేరుగా కుక్కర్ అడుగున వేస్తే మాడుతుంది. చిక్కబడక ముందే లోపల పెడితే రవ్వ అడుగుకు దిగి, పైన నీళ్లు తేలతాయి. రుచిలో పొయ్యి మీద చేసినదానికి తొంభై పాళ్లు వస్తుంది. పనిదినాల్లో నేను ఇలాగే చేస్తాను.

దింపాక వెన్న వేసి కలిపి, వేడిగా ఉండగానే అచ్చులో పోయాలి. బ్రెడ్డు చేసే పొడవాటి టిన్ను ఉంటే అది, లేదంటే లీటరు పైన పట్టే నలుచదరపు స్టీలు డబ్బా. లోపల నూనె రాయండి. పోశాక తడిచేత్తోనో తడి గరిటెతోనో నొక్కి చదును చేయండి, మధ్యలో గాలి మిగిలితే కోసేటప్పుడు ముక్క విరుగుతుంది. ఆరేదాకా బయట పెట్టి, రెండు గంటల్లోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. కనీసం ఆరు గంటలు, రాత్రంతా అయితే ఇంకా మంచిది.

ఫ్రిజ్‌లో జరిగేదేమిటో ఇడ్లీ తినేవాళ్లందరికీ తెలుసు. పొద్దున దూదిలా ఉన్న ఇడ్లీ ఫ్రిజ్‌లో రాత్రికి గట్టిపడుతుంది కదా, అదే. ఉడికి విచ్చుకున్న గంజి పదార్థం చల్లబడేకొద్దీ మళ్లీ దగ్గరికి చేరి బిగుసుకుంటుంది. ఇడ్లీకి అది చేటు, పొలెంటాకు మేలు. అలా బిగుసుకున్న ముక్క ఓవెన్ వేడికి పైపైన మెత్తబడుతుంది గానీ కరిగి జావ కాదు. నేను మొదట్లో దాటేసింది ఈ ఒక్క మెట్టే.

రెండో రోజు: రెండు సాసులు

ముందు పుట్టగొడుగులు. నీళ్లలో నానబెట్టకండి. తడిగుడ్డతో మట్టి తుడిచి, మందపాటి ముక్కలుగా కోయండి. పెద్ద మూకుడు బాగా వేడెక్కాక రెండు స్పూన్ల నూనె వేసి, ముక్కలన్నీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా వేయించండి. ఉప్పు ముందే వేస్తే నీరు వదిలి ఉడికిపోతాయి, వేగవు. ముందు నీరు వదిలి, ఆ నీరు ఇగిరి, అంచులు ఎర్రబడి, మూకుడు నిండా ఉన్నవి మూడో వంతుకు తగ్గాలి. అప్పుడు ఉప్పు, మిరియాల పొడి చల్లి తీసి పక్కన పెట్టండి. ఈ నీరంతా ఇప్పుడే పోవాలి, లేదంటే ఓవెన్‌లో మీ పొరల మధ్య చెరువు కడుతుంది.

అదే మూకుడులో మిగిలిన నూనె వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయ మగ్గించండి, తర్వాత చితక్కొట్టిన వెల్లుల్లి. టమాటాలను మరిగే నీళ్లలో నిమిషం ఉంచి, తొక్క తీసి, ముక్కలు చేసి వేయండి. నాటు టమాటా అయితే పులుపు ఎక్కువ, చిటికెడు చక్కెర వేయొచ్చు. పావుగంట ఉడికాక గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే అది వెంటనే మూసుకుపోకూడదు, అంత దగ్గరపడాలి. రోజ్‌మేరీ ఆకులు సన్నగా తరిగి వేసి, వేయించిన పుట్టగొడుగులు కలిపి దింపండి. రోజ్‌మేరీ లేకపోతే మిరియాలు చాలు. కరివేపాకు వేసి చూశాను, బాగానే ఉంది గానీ అది వేరే వంట అయిపోయింది. ధనియాల పొడి, గరం మసాలా మాత్రం వేయొద్దు, మొక్కజొన్న తియ్యదనం పూర్తిగా మునిగిపోతుంది. కారం లేకుండా మింగుడుపడదంటే ఒక ఎండుమిర్చి తుంచి నూనెలో వేయండి, ఇటలీవాళ్లూ వేస్తారు.

పాల సాసుకు ఇటాలియన్ పేరు 'బెషమెల్లా'. చిన్న గిన్నెలో వెన్న కరిగించి మైదా వేసి, సన్నమంట మీద రెండు నిమిషాలు వేయించండి. రంగు మారకూడదు, పచ్చివాసన పోవాలి. పాలు గోరువెచ్చగా చేసి కొద్దికొద్దిగా పోస్తూ కవ్వంతో తిప్పండి. ఐదారు నిమిషాల్లో గరిటెకు అంటుకునేలా చిక్కబడుతుంది, దోసె పిండి కంటే కాస్త పల్చగా ఉండగానే ఆపేయండి. ఓవెన్‌లో ఇంకా చిక్కబడుతుంది. ఉప్పు వేసి, జాజికాయ మూడు నాలుగు సార్లు తురమండి. జాజికాయ ఎక్కువైతే మందు వాసన వస్తుంది. మైదా పడనివాళ్లు అంతే బియ్యప్పిండి వేసుకోవచ్చు, మొక్కజొన్నలో ఎలాగూ గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ఉండదు.

ఇంత పాలూ చీజూ ఎందుకు, కొవ్వు కదా అనుకునేవాళ్లకు ఒక పాత కథ చెప్పాలి. మొక్కజొన్న ఇటలీ పంట కాదు. కొలంబస్ 1492లో అటు వెళ్లిన తర్వాత అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అంతకుముందు పొలెంటా అంటే వరిగలు, కొర్రలు, బార్లీలాంటి వాటితో చేసిన జావే. కొర్రల శాస్త్రీయ నామంలోనే ఇటలీ ఉంది: సెటేరియా ఇటాలికా. కొత్త పంట విరగపండింది, పేద రైతులు మూడు పూటలా అదే తినసాగారు. గింజ వచ్చింది గానీ దాన్ని వండే పద్ధతి వెంట రాలేదు. మెక్సికోలో మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి ఆ తర్వాతే రుబ్బుతారు. అలా చేస్తేనే అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఆ సున్నం లేక ఉత్తర ఇటలీలో వేలమందికి చర్మం పగిలి, విరేచనాలై, మతి చలించే జబ్బు వచ్చింది. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాన్‌చెస్కో ఫ్రాపొల్లీ దాన్ని 'పెలాగ్రా' అని రాశాడు. గరుకు చర్మం అని ఆ ప్రాంతపు మాట.

ఈ జబ్బు మనకూ కొత్త కాదు. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో ఇదే కనిపించేది. హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీని మీద పనిచేసి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇందులో పాత్ర ఉండొచ్చని 1960లో ప్రతిపాదించారు. పాలు, చీజ్ తింటే వాటి మాంసకృత్తుల నుంచి శరీరం కొంత నియాసిన్ తయారు చేసుకుంటుంది. పుట్టగొడుగుల్లో అది నేరుగానే ఉంటుంది. అందుకే పొలెంటా మీద పాల సాసును నేను విలాసం లెక్కలో వేయను. ఒకప్పుడు ఉత్త పొలెంటా తిన్నవాళ్లకు అందనిది అదే.

పేర్చడం, కాల్చడం

ఓవెన్‌ను 200 డిగ్రీలకు పెట్టి, పైనా కిందా రెండు రాడ్లూ వేసి, పావుగంట వేడెక్కనివ్వండి. ఓటీజీ అయితే మధ్య అరలో జాలీ పెట్టండి.

పొలెంటా అచ్చును బోర్లించి దిమ్మను తీయండి. రాకపోతే అంచుల్లో చాకు తిప్పి, అడుగును నిమిషం వేడినీళ్లలో ఉంచండి. ఒక సెంటీమీటరు మందాన ముక్కలు కోయాలి. చాకుకు అంటుకుంటుంది కాబట్టి తెల్లటి మందపాటి దారం వాడండి: దిమ్మ కింద నుంచి దారం పోనిచ్చి, రెండు కొసలూ పైకి తెచ్చి, అడ్డంగా మార్చి లాగితే నున్నగా తెగుతుంది. ఆవిడ చేసినంత సొగసుగా నాకు ఇంకా రాలేదు. ఇరవై దాకా ముక్కలొస్తాయి, పాత్రలో రెండు పొరలకు సరిగ్గా సరిపోతాయి.

పాత్రకు వెన్న రాసి, అడుగున రెండు గరిటెల పాల సాసు పల్చగా పరచండి. దాని మీద సగం పొలెంటా ముక్కలు, సందులు లేకుండా. అంచు ముక్కలను విరిచి సందుల్లో ఇరికించండి, కలగాపులగం అని పేరు పెట్టాక అందం చూడక్కర్లేదు. దాని మీద పుట్టగొడుగుల సాసు సగం, మొజరెల్లా సగం, మూడు గరిటెల పాల సాసు. మళ్లీ పొలెంటా. ఈసారి ముక్కలను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పేర్చండి, పైకి లేచిన అంచులే తర్వాత కరకరలాడతాయి. మిగిలిన సాసులు రెండూ, మొజరెల్లా, పైన గట్టి చీజ్ తురుము. అక్కడక్కడ చిటికెడు వెన్న. పాత్ర అంచుకు ఒక వేలెడు కింద ఆగిపోవాలి, లేదంటే పొంగి ఓవెన్ అంతా మాడు వాసన.

30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. ఓటీజీల్లో చాలావాటికి వెనక భాగం ఎక్కువ వేడి, కాబట్టి ఇరవై నిమిషాలకు పాత్రను అటుదిటు తిప్పండి. అంచుల్లో సాసు ఉడుకుతూ కనిపించాలి, మధ్యలో చాకు గుచ్చి పది సెకన్లుంచి తీస్తే చాకు కొస చురుక్కుమనాలి. పైన రంగు రాకపోతే చివరి ఐదు నిమిషాలు పై రాడ్ ఒక్కటే వేసి, ఓవెన్ ముందే నిలబడండి. ఎర్రబడటానికీ నల్లబడటానికీ మధ్య ఒక ఫోన్ కాల్ చాలు.

పొద్దునే పేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకుని సాయంత్రం కాల్చుకోవచ్చు, చుట్టాలొచ్చే రోజు టెన్షన్ ఉండదు. కానీ గాజు పాత్రయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగలొచ్చు. అరగంట బయట ఉంచి, కాల్చే సమయం ఇంకో పది నిమిషాలు పెంచండి.

ఓవెన్ లేనివాళ్లు ముక్కలను పెనం మీద నూనె వేసి రెండు వైపులా ఎర్రగా కాల్చుకోండి. తర్వాత మందపాటి మూకుడులో ఇలాగే పేర్చి, మూతపెట్టి, సన్నమంట మీద పావుగంట. చీజ్ కరుగుతుంది, పైన ఎరుపు రాదు. ముందే కాల్చిన ముక్కల వల్ల ఆ లోటు కొంత తీరుతుంది.

బయటికి తీశాక పది పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు. వాసనకు ఆగడం కష్టమే. వెంటనే కోస్తే పొరలు జారిపోతాయి, నాలుకా కాలుతుంది. పక్కన చేదు ఆకులతో సలాడ్ పెట్టడం అక్కడి అలవాటు. మా ఇంట్లో ఉల్లిపాయ, కీరా ముక్కల మీద నిమ్మరసం పిండి పెడతాను. మా నాన్న ఆవకాయ జాడీ తెచ్చుకున్నారు. నేనేమీ అనలేదు, రెండో రోజు నేనూ వేసుకున్నాను.

మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే కరకర పోయి మెత్తబడుతుంది. పెనం మీద చుక్క నూనె వేసి, ముక్కను పెట్టి, మూతపెట్టి సన్నమంట మీద ఎనిమిది నిమిషాలు ఉంచండి. అడుగు ఎర్రబడి అట్టులా లేస్తుంది, తిప్పాల్సిన పని లేదు.